పగులు కనిపెట్టు కన్ను

గడచిన వేసవిలో మేము జనగామ సంతలో నీళ్లకుండ యొకటి కొనుటకై నిలిచియుంటిమి. మా ప్రక్కన నొక ముసలామె కుండల నొక్కొక్కటిగా ఎడమచేత నెత్తిపట్టి, కుడిచేతి వ్రేలి కణుపుతో తట్టి, చెవియొగ్గి వినుచుండెను. మూడింటిని తిరిగి నేలనుంచి నాలుగవదానిని తీసికొనెను. పిమ్మట మా చేతిలోని కుండవైపు చూచి, "బిడ్డా, చూడ మంచిగనే ఉన్నది గని, తట్టి చూసినవా?" అని యడిగెను. తట్టితిమి. ఖంగున మ్రోగవలసిన కుండ బొదబొదమని పలికెను. "లోపట బీట ఉన్నది. నీళ్లు పోసిన్నాడు తెలుస్తది" అని యామె దానిని కుమ్మరి కిచ్చివేసెను. అతడును మారుమాటాడక వేరొకటి మా చేతి కిచ్చెను.

ఆమె బడికి పోయి చదివినది కాదు. అయినను ఆమె చేసిన పరీక్షయే నేడు విమానముల రెక్కలకును, గాలిమరల రెక్కలకును నిపుణులు చేయుచున్న పరీక్షలలో నొకటి. ఈ మధ్య ఆ పనికి మనుష్యుని చేతికి మారుగా యంత్రమును నిలుపు ప్రయత్నము లోకమంతట జరుగుచున్నది. మన యింటిలో పగిలిన కుండవలన నష్టము కడవెడు నీళ్లు. ఆకాశమున పగిలిన రేకువలన నష్టము ప్రాణములు. కావున ఈ విషయమును గూర్చి మా సోదరీమణులతో నీ నెల ముచ్చటింప నెంచితిమి.

నేటి విమానములలో పెక్కు భాగములును, గాలిమరల రెక్కలును లోహముతో చేయబడుట లేదు. గాజునార, బొగ్గునార అనువానిని బట్టవలె నేసి, పొరమీద పొరగా పరచి, జిగురు పట్టించి గట్టిపరతురు. గాలిమర రెక్క నడుమ తేలికయైన బాల్సా కొయ్యను గూడ నుంచెదరు. ఇట్టి వస్తువునకు వచ్చు చిక్కేమనగా, లోపలి పొరలు విడిపోయినను పైకి నున్నగనే యుండును. నాణెముతోనో చిన్న సుత్తితోనో తట్టినచో, మంచిచోట కంగుమనును, విడిన చోట బొదబొదమనును. జనగామ ముసలామెకు తెలిసిన రహస్య మిదియే.

ఈ విద్య మన జిల్లాలకు క్రొత్త గాదు. జనగామ చెంతనున్న పెంబర్తి యిత్తడి పనికి పేరుపొందిన యూరు. ఆ పనికి 2010 లో భౌగోళిక గుర్తింపు లభించినది. అచ్చటి పనివారు రేకును కొట్టి బొమ్మలు తేర్చునపుడు, కొట్టినకొలది రేకు బిరుసెక్కును. అప్పుడప్పుడు దానిని కాల్చి మెత్తపరుపనిచో చీలిపోవును. తీగను పలుమారు లటునిటు వంచి త్రుంచుట మన మందరము చేసిన పనియే. లోహమున కలసట యున్నదని చెప్పుట కింతకంటె నిదర్శన మక్కరలేదు.

కాజీపేటనుండి విజయవాడకు పోవు రైలుమార్గము మహబూబాబాదు మీదుగా సాగును. రైలు పట్టాలను గూడ ఇట్లే పరీక్షింతురు. పట్టాలవెంట నడచుచు కంటితో చూచువా డొకడు. మనుష్యుని చెవికి వినరాని సన్నని ధ్వనిని పట్టాలోనికి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనిని బట్టి లోపలి పగులును తెలిసికొను చిన్న తోపుడుబండి మరియొకటి. ఇదియు తట్టి వినుటయే. తట్టుచేయి మాత్రము మారినది.

భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్ర మున్నది. అందు 500 మెగావాట్ల యంత్ర మొకటియు, 600 మెగావాట్ల యంత్ర మొకటియు పనిచేయుచున్నవి. బొగ్గుమంటపై కాగిన ఆవిరి త్రోపునకు రెక్కలు తొడిగిన ఇరుసు నిమిషమునకు 3,000 మారులు తిరుగును. ఇట్టి యంత్రములను మరమ్మతునకై ఆపినపుడు రెక్కలపై రంగునీరు పూసి, కొంతసేపు నాననిచ్చి, తుడిచివేసి, తెల్లనిపొడి చల్లుదురు. వెండ్రుకవంటి పగు లున్నచోట లోన దాగిన రంగు పొడిలోనికి ఊరి గీతవలె కనబడును. పూర్వము రైలు కర్మాగారములలో నూనె పూసి, తుడిచి, సుద్ద పట్టించి ఈ పనియే చేసెడివారు.

ఇన్ని యుపాయములుండగా యంత్రపుకన్ను ఎందులకని మా సోదరీమణు లడుగవచ్చును. దానికి సమాధానము 1988 ఏప్రిల్ 28 న జరిగిన యొక ప్రమాదములో నున్నది.

ఆ దినమున హవాయి దీవులలో హీలోనుండి హోనోలులు పోవుచున్న అలోహా కంపెనీవారి బోయింగ్ 737 విమానము 24,000 అడుగుల యెత్తున నుండగా, ముందుభాగమున దాదాపు 18 అడుగుల మేర పైకప్పు ఊడి గాలిలోనికి లేచిపోయినది. నడవలో నిలిచి ప్రయాణికులకు సేవచేయుచున్న పరిచారిక యొకామె ఆ గాలిలో కొట్టుకొనిపోయెను. ప్రయాణికులు నడుమునకు పట్టీలు బిగించుకొని యుండుటచే కూర్చున్నచోటనే నిలిచిరి. విమానములోని 95 మందిలో 94 మందిని నడుపువారు సాహసముతో మావీ దీవిలో దింపగలిగిరి.

విచారణలో తేలిన కారణమేమి? ఎత్తునకు పోయినకొలది బయటి గాలి పలుచనగుటచే విమానములోనికి గాలి నెక్కింపవలయును. కావున ఎగిరినప్పుడెల్ల విమానపు ఒడలు బుడగవలె కొంచెము ఉబ్బి, దిగినప్పుడు తగ్గును. ఆ విమాన మట్లు 89,680 మారులు ఉబ్బి తగ్గినది. ఉప్పుగాలికి అతుకుల జిగురు విడిపోగా బరువంతయు మేకులపై పడినది. మేకుల కన్నములచుట్టు వెండ్రుకవంటి పగుళ్లు బయలుదేరి, ఒకదానితో నొకటి కలిసికొన్నవి. పరీక్షించుట లేదని కాదు, పరీక్షించుచునే యుండిరి. కాని వేలకొలది మేకులను, పెక్కుమారులు రాత్రివేళ, పరంజాపై నిలిచి, దీపపు వెలుతురున నొక్కొక్కటిగా చూచుట యెట్టిదో తలంపుడు. బియ్యములో రాళ్లేరు మన కందరకు ఆ యలసట తెలియును. మొదటి చేటలో చిక్కిన రాయి పదవ చేటలో చిక్కదు.

ఆ విచారణలోనే మరియొక సంగతి బయటపడినది. విమాన మెక్కుచుండగా ప్రయాణికురా లొకామె తలుపుదగ్గర, మేకుల వరుసవెంట పొడవైన పగులును చూచెను. చూచియు నెవరికిని చెప్పలేదు. ఆమె నిందార్హురాలని మేము తలంపము. అంత పెద్ద కంపెనీవా రున్నచోట, యంత్రము లెరిగిన మగవారు పదిమంది యున్నచోట, తానేమి చెప్పగలనని యూరకుండుట మనలో నెందరికి లేదు? అయినను ఆమె నోరు విప్పియున్నచో నేమయ్యెడిదో యని తలంచినపుడెల్ల మనసు కలత నొందును.

ఆ ప్రమాదము తరువాత, అలసటలేని కన్ను నొకదానిని చేయవలెనను ప్రయత్నము ఊపందుకొన్నది. 1990 తరువాతి కొలది యేండ్లలోనే అమెరికాలోని పిట్సుబర్గున, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు రోబోటిక్సు సంస్థలో, విమానపు రేకుకు పీల్చుడు కప్పులతో అంటుకొని బల్లివలె ప్రాకుచు మేకుల వరుసలను పరీక్షించు యంత్రము నొకదానిని నిర్మించిరి. ఆ సంస్థకు 1979 మొదలు 1991 వరకు మొదటి సంచాలకుడుగా నుండినవారు మన తెలుగువారగు రాజ్ రెడ్డిగారని చెప్పుటకు సంతసించుచున్నాము. చిత్తూరు జిల్లా కాటూరు అను పల్లెలో 1937 లో జన్మించిన వీరికి 1994 లో కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి గౌరవముగల ట్యూరింగ్ బహుమాన మీయబడినది.

నేడు ప్రాకు యంత్రమునకు తోడు ఎగురు యంత్రములును వచ్చినవి. చిన్న డ్రోను విమానముచుట్టు తనంత తానే తిరిగి ఛాయాచిత్రములు తీయును. 2018 లో ఎయిర్‌బస్ సంస్థ ఇట్టి డ్రోనును ప్రదర్శించి, చిత్రములు తీయుటకు అరగంటయు, మొత్తము పరీక్షకు మూడు గంటలును చాలునని ప్రకటించినది. తీసిన చిత్రములను కంప్యూటరు పరిశీలించి, సొట్ట యిచ్చట, గీత యచ్చట అని గుర్తులు పెట్టును.

గాలిమరలకు ఇది మరింత యుపకారము. అనంతపురపు సీమలో రామగిరి కొండలపైనను, తిరుమల కొండపైనను గాలిమరలను చూచినవారికి, వాని రెక్కలు మెల్లగా తిరుగుచున్నట్లు తోచును. అది కంటిమాయ. పెద్ద గాలిమరల రెక్కకొన గంటకు 250 కిలోమీటర్లకు మించిన వేగముతో పోవును. ఆ వేగమున వానచినుకు రాయివలె తాకి, రెక్క అంచును కొరుకును. పిడుగుపాటులు, ఇసుకగాలి సరేసరి. అంచు గరుకైనచో విద్యుత్తు తగ్గును; పొర విడిచినచో కొన్నాళ్లకు రెక్కయే విరుగును. వెనుక మనుష్యులు త్రాళ్లు కట్టుకొని అంతయెత్తున వ్రేలాడుచు చూచెడివారు. నేడు మరను ఆపి, డ్రోనును పైకి పంపి, క్రింద నిలిచి చూడగలుగుచున్నారు. రెక్కలోపల విడిన పొరలకై, వేడి హెచ్చుతగ్గులను చిత్రించు కెమేరాలును కలవు. జ్వరము వచ్చిన బిడ్డ నుదుట చేయివైచి చూచుటవంటి దది.

ఇంతమాత్రమున మనుష్యుని పని తీరినదని యెంచరాదు. యంత్రమునకు పక్షిరెట్ట పగులువలె కనబడవచ్చును. నూనెచార, నీడ, పాత రంగు పెచ్చు గూడ నట్లే. తనకు పూర్వము చూపని రకపు పగులును అది గుర్తింపకయు పోవచ్చును. ఇది పగులు, ఇది కాదని వేలకొలది చిత్రములపై మొదట గుర్తుపెట్టి నేర్పినది మనుష్యులే. చివరకు, ఈ విమానము నేడు ఎగురవచ్చునని చేవ్రాలు చేయవలసినవాడును మనుష్యుడే. యంత్రము అలయదు కావున చూచుట దానికి విడువవచ్చును. పూచీ మాత్రము దానిపై వేయలేము. చిత్రములు తీయించి, గుర్తులు పెట్టించి, వానిని చదువువారు లేక మూటకట్టి యుంచినచో, పగులును చూచి యూరకున్న ఆ ప్రయాణికురాలికిని ఆ యంత్రమునకును భేదమేమి?

ఈ మాటలు దూరదేశపు ముచ్చటలని మా సోదరీమణు లుపేక్షింపకుందురు గాక. విమానములను పరీక్షించి మరమ్మతుచేయు కర్మాగారము శంషాబాదులో నున్నది. విమానపు భాగములు హైదరాబాదు చెంతనున్న ఆదిభట్లలో తయారగుచున్నవి. వరంగల్లు ప్రక్కన మామునూరులో నిజాము కాలమునాటి విమానాశ్రయమును తిరిగి తెరచుటకు 2025 లో కేంద్రప్రభుత్వము అనుమతించినది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి బాలికలు పాలిటెక్నికు చదివి ఈ పరీక్షావిద్యలో ప్రవేశింపదలచినచో, ఇది మగవారి పని యని వారిని వెనుకకు లాగవలదని తల్లులను ప్రార్థించుచున్నాము. ఓర్పుతో చూచుట, చిన్న మార్పును గ్రహించుట, ఇవియే గదా దీనికి మూలధనము. ఆ ధనము మన యిండ్లలో కొరతపడినది కాదు.

ఇక ఇంటిపట్టున నుండువారికిని పనియున్నది. గ్యాసు పొయ్యి రబ్బరు గొట్టమును నెల కొకమారు వంచి చూడుడు. బీటలు కనబడినచో వెంటనే మార్పింపుడు. కనబడకున్నను సురక్షా గొట్టమును అయిదేండ్లకు మించి వాడరాదు. గ్యాసు కారుచున్నదను ననుమానము కలిగినచో సబ్బునీరు పూసి బుడగలు లేచునేమో చూడవలెను గాని, అగ్గిపుల్ల గీచి చూడరాదు. కుక్కరు మూతలోని రబ్బరు చుట్ట, ఇస్త్రీపెట్టె తీగ, ఉయ్యాల గొలుసు, దూలమునకు గ్రుచ్చిన కొక్కెము, ఇవన్నియు నెన్ని మారులు వంగినవో, ఎన్ని యేండ్లు బరువు మోసినవో యెంచి చూడుడు.

చూచినదానిని చెప్పుడు. ఇంటిలో నైనను, బస్సులో నైనను, బిడ్డల బడిగోడపై నైనను పగులు కనబడినచో, "పెద్దలున్నారు, వారికి తెలియదా" యని యూరకుండవలదు. తప్పైనచో నవ్వుదురు, అంతే గదా. జనగామ సంతలో ఆ ముసలామె మాకు చుట్టము కాదు, మేమామెను సలహా యడుగలేదు. అయినను తట్టి చూచితివా యని యడిగినది. ఆమె యేరియిచ్చిన కుండ నేటికిని మా యింట చల్లని నీ రిచ్చుచున్నది.