వంగని వరి గొలుసు

నిరుడు ఏప్రిల్‌లో ఓ మధ్యాహ్నం. రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసుదాకా నడిచేసరికే చొక్కా తడిసి ముద్దయింది. ఏసీ కింద కూర్చున్నానో లేదో బాపు ఫోన్. "గొలుసులు నిలబడే ఉన్నయ్‌రా. వంగుతలేవు."

ఊళ్లో పెరిగినవాళ్లకి ఆ ఒక్క మాట చాలు. గింజ గట్టిపడితే బరువుకి గొలుసు వంగుతుంది. నిటారుగా ఉందంటే లోపల తాలే. పురుగు లేదు, నీళ్లూ తక్కువ కాలేదు. మరేమైంది? ఆ వారమంతా కూర్చుని చదివాను.

వరి పువ్వు తెరుచుకునేది పొద్దున పూట, దాదాపు గంటసేపే. పుప్పొడికి ప్రాణం ఉండేది కొన్ని నిమిషాలు. ఆ కాస్త సమయంలో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా రాలదు, రాలినా మొలకెత్తదు. మొక్క మాత్రం పచ్చగానే కనిపిస్తుంది! బాపు నారు ఆలస్యంగా పోశాడు. పూత సరిగ్గా ఎండల్లో పడింది.

మరి మొక్కకి రక్షణే లేదా? ఉంది. మన ఆన్‌కాల్ డ్యూటీలాంటిదే. కణంలో హీట్ షాక్ ఫ్యాక్టర్లనే ప్రోటీన్లుంటాయి. మామూలప్పుడు వాటిని కాపలా ప్రోటీన్లు పట్టి ఉంచుతాయి. వేడికి మిగతా ప్రోటీన్ల ఆకారం చెడగానే కాపలావాళ్లు అటు పరిగెడతారు. వదిలేసిన ఫ్యాక్టర్లు డీఎన్‌ఏని పట్టుకుని రక్షణ జన్యువులను ఆన్ చేస్తాయి. అంటే జన్యువు ఉంటే సరిపోదు, టైముకి ఆన్ అవ్వాలి. ఆకుల్లో ఈ స్విచ్ బాగానే పడుతుంది. పుప్పొడిలోనే బలహీనం.

ఉత్తరప్రదేశ్‌కి చెందిన పాత రకం నగీనా 22 తీరు వేరు. వేడిలో దాని పూతలో ఈ రక్షణ ప్రోటీన్లు ఎక్కువగా తయారవుతాయి. అందుకే వరి శాస్త్రవేత్తలకి అదంటే అంత మక్కువ. ఇంకో దారి కూడా ఉంది. అడవి వరి నుంచి తెచ్చిన గుణంతో ఐఆర్ 64 పూతని గంటకు పైగా ముందుకు జరిపారు. ఎండ ముదరకముందే పని ముగించుకోవడం! బాపు పొలానికి వెళ్లేదీ అలాగే.

గచ్చిబౌలిలో ఔటర్ ఎక్కితే రాజేంద్రనగర్ ఎంతో దూరం కాదు. అక్కడి భారత వరి పరిశోధన సంస్థ, సాంబ మసూరిలో ఒక్క జన్యువుని సవరించి ఎక్కువ గింజలు పట్టే డీఆర్‌ఆర్ ధాన్ 100ని తయారుచేసింది. 2025 మే 4న ప్రకటించారు. అక్కడ గురి గింజల సంఖ్య మీద. పుప్పొడికి వేడి నుంచి కాపలా పెట్టే పని ఇంకా మిగిలే ఉంది.

అందాకా రైతు చేతిలో ఉన్నది తేదీ ఒక్కటే. నిరుడు తాలు పేరుతో తరుగు తీస్తే బాపు ఏమీ అనలేదు. ఈ యాసంగికి నారు ముందే పోయించాను. పూత ఎప్పుడొస్తుందో లెక్కేసి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాను.

మొన్న స్టాండప్ మీటింగ్ మధ్యలో ఫోన్ మోగింది.

"వంగినయ్‌రా" అన్నాడు.