ఆడవాళ్ళ జిమ్‌లో చేరాలా, వద్దా?



ఉగాది ఖర్చుల లెక్క చూసుకుందామని మొన్న కమిటీ కూర్చుంటే, లెక్క పది నిమిషాల్లో తేలిపోయింది, ఇంకో మాట మీద గంటన్నర పోయింది. మహదేవపుర వైపు ఉండే మన చెల్లెలొకామె అడిగింది: "మా పక్క వీధిలో ఆడవాళ్ళకు మాత్రమే అని సర్క్యూట్ ట్రైనింగ్ జిమ్ పెట్టారు. అరగంటలో అయిపోతుందట. చేరమంటారా?" ఇంక చూడండి, తలా ఒక మాట. ఇంటిపని చేసుకుంటే చాలదా అన్నారు ఒక పెద్దావిడ. ఆడవాళ్ళకు వేరేగా ఎందుకు, మనమేమన్నా దాక్కోవాలా అంది ఐటీలో పనిచేసే అమ్మాయి. ముందు డబ్బు కట్టించుకుని తర్వాత మూసేస్తారు అన్నారు మన ట్రెజరర్ గారు. (ఆయన ట్రెజరర్, అలాగే అంటారు.) ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది. అడిగినామెకు మాత్రం జవాబు దొరకలేదు. ఆమెలాగే అడగాలనుకుని ఊరుకున్నవాళ్ళు మనలో ఇంకా ఉంటారని ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేరమంటాను. కానీ ఏడాదికి డబ్బు కట్టి కాదు, సన్నబడటానికీ కాదు.

అసలు ఈ సర్క్యూట్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక హాల్లో మిషన్లు గుండ్రంగా పెట్టి ఉంటాయి. ఒకదాని మీద అర నిమిషమో ముప్పావు నిమిషమో చేతుల పని, గంట మోగగానే పక్కదాని మీద కాళ్ళ పని, తర్వాత నడుము. మధ్యలో ఆగి కూర్చోవడం ఉండదు కాబట్టి కండకూ పని పడుతుంది, ఆయాసమూ వస్తుంది. ఈ పద్ధతిని ఇంగ్లండులో లీడ్స్ యూనివర్సిటీలో మోర్గన్, ఆండర్సన్ అనే ఇద్దరు 1953లో తయారుచేశారు, అదీ విద్యార్థుల కోసం. దాన్ని ఆడవాళ్ళ కోసం అరగంటకు కుదించి వ్యాపారంగా చేసింది అమెరికాలో కర్వ్స్ అనే కంపెనీ. 1992లో టెక్సాస్‌లో మొదలై ఒకప్పుడు ప్రపంచమంతా కలిపి దాదాపు పదివేల శాఖల దాకా వెళ్ళింది. తర్వాత అమెరికాలో చాలామటుకు మూతపడ్డాయి, జపాన్‌లో మాత్రం బాగా నిలిచింది. అక్కడ వచ్చేవాళ్ళలో ఎక్కువమంది యాభై దాటినవాళ్ళే. మన బెంగళూరులోనూ కాంటూర్స్ లాంటి ఆడవాళ్ళ జిమ్ములు ఏళ్ళ తరబడి ఉన్నాయి. కాబట్టి ఇది నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు.

ఇప్పుడు పెద్దావిడ మాటకొద్దాం. ఇంటిపని చాలదా? 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఇంటిపని, ఆఫీసు పని, నడక, ఆట అన్నీ లెక్కలో వేసుకున్నాక కూడా 2022లో మన దేశంలో ఆడవాళ్ళలో 57 శాతం మంది చాలినంత కదలడం లేదట. మగవాళ్ళలో 42 శాతం. మా అమ్మ రోట్లో రుబ్బింది, బావిలో చేదింది. ఆవిడకు ఇంటిపని చాలి ఉండొచ్చు. మనకు మిక్సీ ఉంది, వాషింగ్ మిషన్ ఉంది, బెడ్‌రూమ్ నుంచి లిఫ్ట్ దాకా నడక ఉంది. రోజంతా నిలబడి అలసిపోవడం వేరు, కండ గట్టిపడటం వేరు. అలసట మనకు కావలసినంత ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారం పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, దానితో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండలకు బలమిచ్చే పని కావాలి. ఈ రెండో ముక్కే మనం వదిలేస్తున్నాం. కబ్బన్ పార్కులో, లాల్‌బాగ్‌లో వాకింగ్ చేసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు, సంతోషం. నడక గుండెకు మంచిది. కానీ బరువు తోయడం, లాగడం, ఎత్తడం నడకలో రాదు.

ఇది ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, మన సంఘంలో ఏటా ఎవరో ఒకరు రాత్రికి రాత్రి మడివాళలో బస్సెక్కి నెల్లూరుకో కర్నూలుకో పరుగెత్తుతూనే ఉన్నారు. అమ్మ బాత్రూంలో జారింది, తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్. ఆ అమ్మల్లో కొందరు మళ్ళీ మునుపటిలా నడవలేదు. నెలసరి ఆగిపోయాక మొదటి కొన్నేళ్ళలో ఆడవాళ్ళకు ఎముక త్వరగా పలచబడుతుంది, ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల. కండ కూడా ఏళ్ళతో పాటు కరుగుతుంది. కాలు జారినప్పుడు పక్క గోడను పట్టుకుని ఆపుకోవాలంటే ఆ క్షణంలో తొడలో, చేతిలో బలం ఉండాలి. ఆస్ట్రేలియాలో ఎముకలు పలచబడిన, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళతో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు బరువులు ఎత్తించారు. నడుము ఎముకల సాంద్రత దాదాపు 3 శాతం పెరిగింది. అదే సమయంలో ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసుకున్నవాళ్ళకు తగ్గింది. లిఫ్ట్‌మోర్ అని ఆ అధ్యయనం పేరు, 2018లో వచ్చింది. వాళ్ళు ఎత్తినవి చిన్న బరువులు కావు, పక్కన నిపుణులు నిలబడి చేయించారు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కింద మళ్ళీ పని పడుతుంది.

ఇక ఐటీ అమ్మాయి మాట. వేరేగా ఎందుకు? అమ్మాయ్, నువ్వు అడిగినది న్యాయమే. కానీ మన ఊళ్ళలో తాలింఖానాలు ఉండేవి. కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు వినని తెలుగువాడు లేడు. ఇక్కడ కన్నడంవాళ్ళకు గరడి మనెలు. వాటి మీద "మగవాళ్ళకు మాత్రమే" అని ఎవరూ బోర్డు పెట్టలేదు, పెట్టాల్సిన అవసరం రాలేదు. అందరికీ అని బోర్డున్న ఇప్పటి జిమ్ములో కూడా డంబెల్స్ ఉండే మూల ఎవరిదో లోపలికి వెళ్ళిన ప్రతి ఆడమనిషికీ తెలుసు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. పాతికేళ్ళు దాటింది. ఇంకా మనిళ్ళలో బరువులెత్తితే ఆడపిల్లకు మగవాడి భుజాలొస్తాయన్న మాట పోలేదు.

నీకు మామూలు జిమ్ములో ఇబ్బంది లేకపోతే నువ్వు అక్కడే చెయ్యి, ఈ ఆడవాళ్ళ జిమ్ నీకు ఆరు నెలల్లో చాలదు. కానీ యాభై రెండేళ్ళ మన వదిన, జీవితంలో ఒక్కసారి కూడా ట్రాక్ ప్యాంట్ వేసుకోని మనిషి, నలుగురు కుర్రాళ్ళ మధ్య స్క్వాట్ చెయ్యమంటే చెయ్యదు. ఆమె ముందున్నవి రెండే దారులు: ఆడవాళ్ళ జిమ్, లేకపోతే ఏమీ లేదు. ఆమెకు మనం సమానత్వం పాఠం చెబుతూ కూర్చుంటే ఆ లోపు ఎముకలు ఆగవు కదా.

నేనూ అలాంటిచోట ఎనిమిది నెలలు చేశాను. ఎక్కడో చెప్పను. మొదటి రెండు నెలలు చాలా బాగుంది. మోకాలి నొప్పి గురించి, మెనోపాజ్ గురించి ఆ హాల్లో మాట్లాడుకున్నంత స్వేచ్ఛగా నేను సొంత అక్కచెల్లెళ్ళతో కూడా మాట్లాడలేదు. నాలుగో నెలకు విషయం అర్థమైంది: అవే మిషన్లు, అదే తీరు, అదే పాట. అక్కడ ఉన్నవి హైడ్రాలిక్ మిషన్లు. వాటిలో బరువుల పలకలు ఉండవు, మనం ఎంత వేగంగా తోస్తే అంత గట్టిగా ఎదురు తోస్తాయి. కొత్తవాళ్ళకు చాలా మంచివి, మీద పడతాయన్న భయం లేదు, మర్నాడు ఒళ్ళు నొప్పులూ తక్కువ. కానీ నెల నెలా భారం పెంచుకుంటూ పోవడం వాటిలో కష్టం. కండకైనా ఎముకకైనా పెరుగుతూ పోయే భారమే కావాలి. పైన చెప్పిన ఆస్ట్రేలియా సంగతి ఇందుకే గుర్తు పెట్టుకోమన్నాను. అందుకని చేరేముందు ట్రెయినర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "నాలుగో నెలలో నేను ఏం చేస్తుంటాను?" డంబెల్స్, బార్ ఉన్నాయా, నేర్పేవాళ్ళున్నారా అని చూడండి. జవాబుగా మళ్ళీ ఇంచ్ లాస్ ప్యాకేజీ గురించే చెబుతుంటే బ్యాగు తీసుకుని వచ్చేయండి. బీపీ, షుగర్, మోకాళ్ళు, సిజేరియన్ గురించి వాళ్ళంతట వాళ్ళు అడగకపోయినా వచ్చేయండి. బీపీ ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందు మీ డాక్టరుకు ఒక మాట చెప్పండి.

ఇంటినుంచి నడిచి పది నిమిషాల్లో వెళ్ళగలిగేదై ఉండాలి. బెంగళూరులో ఆటో ఎక్కి అరగంట వ్యాయామానికి వెళ్ళేవాళ్ళెవరూ మూడో వారం చూడరు.

ట్రెజరర్ గారి మాట చివరికి మిగిలింది. ఆయన భయం నిజమే. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు నెల ముందు ఏడాది ఫీజు కట్టినవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు, ఆ జిమ్ మళ్ళీ తెరవలేదు. ఏడాదికి కడితే సగం ధర అంటారు. ఆ సగం ధర సరిగ్గా మధ్యలో మానేసేవాళ్ళ లెక్క మీదే నడుస్తుంది. నెలకు కట్టండి, మరీ కుదరకపోతే మూడు నెలలకు. బిల్లు తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ముల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో ఎంత వేశారో చూసుకోండి. మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద ఉండాలి. ఇబ్బంది పెడితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

అన్నయ్యలూ, తమ్ముళ్ళూ, ఈ పేరా మీకు. మీ ఇంటావిడ చేరి మానేస్తే ఎక్కువసార్లు కారణం బద్ధకం కాదు. బ్యాచ్ ఆరున్నరకు ఉంటుంది, ఆరున్నరకే పిల్లల డబ్బాలు, మామగారి కాఫీ, మీ ఇస్త్రీ. వారానికి మూడు రోజులు ఆ అరగంట మీరు వంటింట్లో ఉండగలరా? ఫీజు కట్టేశాను కదా అనకండి. ఆమెకు కరువైంది ఆ అరగంట. "ఈ వయసులో ఇప్పుడు జిమ్మేమిటి" అనే అత్తగారికి జవాబు కూడా మీరే చెప్పాలి. కోడలు చెబితే అది వేరే గొడవ.

ఫీజు భారం అనుకునేవాళ్ళ కోసం ఇంకో ఆలోచన ఉంది. మన హాలు మంగళవారం, గురువారం పొద్దున ఖాళీగానే ఉంటుంది. పదిమంది కలిస్తే ఒక ఆడ ట్రెయినర్‌ను మాట్లాడుకోవచ్చు. డంబెల్స్, రబ్బరు బ్యాండ్లు, మెట్టు పలకలు ఉంటే సర్క్యూట్ అయిపోతుంది, గుండ్రంగా పెట్టుకోవడానికి మిషన్లే అక్కర్లేదు. ఈ సంగతి వచ్చే కమిటీలో పెడుతున్నాను. రాగలిగినవాళ్ళు కింద పేరు, కుదిరే టైమ్ రాయండి. పొద్దున ఆరు అని మాత్రం రాయకండి, అది మా వీధిలో కావేరి నీళ్ళు వచ్చే టైమ్.