ఆ కామిక్ పుస్తకం నాదే



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు తన కొడుకు బ్యాగులోంచి ఒక పుస్తకం తీసి నా టేబుల్ మీద పెట్టారు. "మేడమ్, మావోడు ఇంటికి రాంగనే ఇది పట్టుకొని కూసుంటడు. చదువుకోరా అంటే చదువుతనే ఉన్న గదా అంటడు. ఇది చదువా? జర మీరన్న చెప్పుండ్రి" అన్నారు. పిల్లాడు ఏడో తరగతి. వాడు నాన్న వైపు చూడలేదు, నా వైపు చూశాడు. నేను పుస్తకం తీసుకుని, "సరేనండీ, చెప్తాను" అన్నాను. వెనక ఇంకా చాలామంది లైన్‌లో ఉన్నారు. తర్వాతి వాళ్లను పిలిచాను.

ఆ రోజు చెప్పలేకపోయిన మాట ఈ నెల మన పత్రికలో చెప్తున్నాను. సార్, ఆ పుస్తకం నాది. మీ బాబుకు నేనే ఇచ్చాను.

ఇక్కడ జగదేవ్‌పూర్‌లో నన్ను మీరంతా ఇంగ్లిష్ టీచర్‌గానే చూస్తారు. నేను సూపర్ హీరో కామిక్స్ అభిమానిని కూడా. చిన్నప్పటి నుంచీ ఇదే పిచ్చి. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా క్లాస్ టీచర్ ఒక కామిక్ నా బ్యాగులోంచి తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. సంవత్సరం చివర ఇస్తానన్నారు, ఇవ్వలేదు. కథ సగంలో ఆగిపోయింది. మిగతా సగం మళ్లీ దొరికేసరికి నా బీఈడీ కూడా అయిపోయింది. ఆ టీచర్ మీద కోపం లేదు. కానీ నేను టీచర్‌ని అయ్యాక అలాంటి బీరువా పెట్టుకోకూడదని మాత్రం అనుకున్నాను. మీటింగ్ రోజు ఆ పుస్తకం నా చేతిలో ఉన్నప్పుడు అదే గుర్తొచ్చింది.

ముందుగా, ఇది చదువా కాదా అన్న ప్రశ్న. మన పిల్లలు టెక్స్ట్‌బుక్ ఇంగ్లిష్ బాగానే రాస్తారు. గైడులో జవాబు ఎలా ఉంటే అలా, ఫుల్‌స్టాప్‌తో సహా రాస్తారు. కానీ ఇద్దరు మనుషులు కోపంగానో భయంగానో వెటకారంగానో మాట్లాడుకునే ఇంగ్లిష్ వాళ్లకు ఎక్కడ దొరుకుతుంది? కామిక్‌లో ఆ మాట బుడగలో ఉంటుంది, మాట్లాడేవాడి మొహం పక్కనే ఉంటుంది. మాట తెలియకపోతే మొహం చూసి ఊహిస్తారు. ఆ ఊహ సరైందో కాదో తర్వాతి గడిలో తెలిసిపోతుంది. డిక్షనరీ చూడమంటే ఎన్నడూ చూడని పిల్లాడు, విలన్ ఏమన్నాడో తెలియాలని ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూమ్ దాకా వచ్చి ఒక మాటకు అర్థం అడిగాడు.

ఇంకో విషయం. ఒక గడిలో హీరో చెయ్యి ఎత్తి ఉంటాడు, పక్క గడిలో ఎదుటివాడు కింద పడి ఉంటాడు. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ గీయరు, అది చదివే పిల్లాడి తలలో జరుగుతుంది. పరీక్షలో పాఠం ఇచ్చి, అందులో రాయని విషయాన్ని ఊహించి రాయమని అడిగే ప్రశ్న ఉంటుంది చూడండి, మన పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది అక్కడే. ఆ పనే కామిక్ ప్రతి పేజీలో చేయిస్తుంది. అయినా నేను గొప్పలు చెప్పను. ఆ బాబుకు పోయిన పరీక్షలో ఇంగ్లిష్‌లో 20కి 9 వచ్చాయి. కామిక్ చదివినందుకు రేపు 18 వస్తాయని మాట ఇవ్వలేను. ఎవరూ చెప్పకుండా ఒక పుస్తకం చివరిదాకా చదవడం మాత్రం వాడికి అదే మొదటిసారి.

బొమ్మలతో కథ చెప్పడం మనకు అమెరికా వాళ్లు నేర్పిన విద్యేమీ కాదు. చేర్యాల మన జిల్లాలోనే ఉంది. అక్కడి నకాషీ కళాకారులు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రటి రంగు మీద గడులు గడులుగా పురాణం గీసేవాళ్లు. కథ చెప్పేవాళ్లు ఆ పటం చుట్ట విప్పుతూ, ఒక్కో గడి చూపిస్తూ ఊరూరా పాడేవాళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడ పురాణం, ఇలా ఎవరి కథ వాళ్లకు ఉండేది. రాత్రంతా కూర్చుని ఆ గడులు చూసిన మన తాతలను ఎవరూ చదువు పాడు చేసుకుంటున్నారని అనలేదు. మనమూ అంతే. మీలో చాలామంది ఆదివారం పూట శక్తిమాన్ చూడటానికి టీవీ ఉన్న ఇంటికి పరుగెత్తినవాళ్లే. కాదంటారా?

ఇప్పుడు అసలు సంగతి. సెలవులు వస్తున్నాయి. ఈ ఏడాది సూపర్ హీరోల సినిమాలు, పుస్తకాలు వరసగా ఉన్నాయి. పిల్లలు ఎలాగూ అడుగుతారు. ఏది మంచిదో ఏది కాదో ఒక అభిమానిగా నా అభిప్రాయం చెప్తాను, నిర్ణయం మీది. నేను చూసే కొలత ఒక్కటే: ఆ కథలో శక్తికి ధర ఉందా లేదా?

స్పైడర్‌మ్యాన్‌నే తీసుకోండి. 1962లో వచ్చిన మొదటి కథలోనే, శక్తి చేతిలో ఉండి కూడా, నాకెందుకులే అని పీటర్ ఒక దొంగను వదిలేస్తాడు. అదే దొంగ తర్వాత తనను పెంచిన బాబాయిని చంపుతాడు. ఆ ఒక్క తప్పు మీదే అరవై ఏళ్లకు పైగా కథ నడుస్తోంది. 'స్పైడర్‌మ్యాన్: బ్రాండ్ న్యూ డే' సినిమాను జూలై 31కి ప్రకటించారు. ఆ పేరు వింటే పాత అభిమానులకు కొంచెం భయం. 2007లో ఒక కామిక్‌లో, చావుబతుకుల్లో ఉన్న పిన్నిని కాపాడుకోవడానికి పీటర్ ఒక మాయావితో ఒప్పందం చేసుకుంటాడు. దాంతో అతని పెళ్లే జరగనట్టు అయిపోతుంది. ఆ వెంటనే 2008లో మొదలైన కొత్త కథలకు పెట్టిన పేరే బ్రాండ్ న్యూ డే. కష్టమైన ముడి పడినప్పుడు విప్పకుండా పలక తుడిచేశారని మాకు అప్పటి నుంచీ ఒక అసంతృప్తి ఉంది. 2021లో వచ్చిన సినిమా చివర లోకమంతా పీటర్‌ను మర్చిపోతుంది. అది అతను కోరి చెల్లించిన ధర. కొత్త సినిమా దాన్ని తేలిగ్గా చెరిపేయకపోతే చాలు. పిల్లలతో మీరూ వెళ్లండి.

'సూపర్‌గర్ల్' జూన్ 26న అంటున్నారు. దానికి మూలం 2021లో మొదలై ఎనిమిది సంచికల్లో ముగిసిన కామిక్. టామ్ కింగ్ రాశాడు, బిల్కిస్ ఎవ్లీ బొమ్మలు గీసింది. తండ్రిని చంపినవాడి మీద పగ తీర్చుకోవాలని బయల్దేరిన ఒక చిన్నపిల్ల ఆ కథ చెప్తుంది. కామిక్స్ మగపిల్లల వ్యవహారం అనుకునేవాళ్లకు నేను మొదట చూపించే పుస్తకం ఇదే. హింస ఉంది కాబట్టి తొమ్మిది, పది తరగతుల అమ్మాయిలకైతే సరిపోతుంది. అంతకన్నా చిన్నవాళ్లకు వద్దు.

ఇప్పుడు నడుస్తున్న పుస్తకాల్లో నేను ప్రతి నెలా ఎదురుచూసేది 'అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్'. 2024 అక్టోబర్‌లో మొదలైంది. 1939 నుంచి మనకు తెలిసిన బ్యాట్‌మ్యాన్ కోటీశ్వరుడు. ఈ కొత్త కథలో అతనికి డబ్బు లేదు, బంగళా లేదు, అమ్మ బతికే ఉంది, చనిపోయిన నాన్న ఒక స్కూల్ టీచర్. టీచర్ కొడుకు బ్యాట్‌మ్యాన్ అయ్యాడంటే నాకెంత సంతోషమో వేరే చెప్పాలా! కానీ ఇది పిల్లల పుస్తకం కాదు. రక్తం, కొట్లాట చాలా ఎక్కువ. కవర్ మీద బ్యాట్‌మ్యాన్ ఉంది కదా అని ఆరో తరగతి బాబుకు కొనిస్తే తర్వాత నన్ను తిట్టుకుంటారు.

డిసెంబర్ 18న రావలసిన 'అవెంజర్స్: డూమ్స్‌డే' మీద మాత్రం నాకు పెద్దగా ఆశ లేదు. 2019లో లోకం కోసం ప్రాణం ఇచ్చిన ఐరన్‌మ్యాన్‌గా నటించిన రాబర్ట్ డౌనీ జూనియర్‌నే ఇప్పుడు డాక్టర్ డూమ్ అనే విలన్‌గా తెస్తున్నారు. మంచి నటుడే, కాదనను. కానీ ఆ రోజు థియేటర్‌లో ఏడ్చిన పిల్లలకు ఆ చావు విలువ ఏమని చెప్పాలి? ఎవరు పోయినా వేరే ముసుగులో వస్తారులే అనుకుంటే ఇక త్యాగానికి అర్థమేముంది? నా మాట తప్పయితే జనవరి సంచికలో ఒప్పుకుంటాను.

మన సినిమా 'హనుమాన్' సంగతి కూడా చెప్పాలి. 2024 సంక్రాంతికి వచ్చింది, మీ పిల్లలు చాలామంది చూసే ఉంటారు. అంజనాద్రి అనే ఊళ్లో ఒక మామూలు కుర్రాడికి శక్తి వస్తుంది. నాకు నచ్చింది హీరో కన్నా విలన్. చిన్నప్పటి నుంచి సూపర్ హీరో కావాలని పిచ్చి ఉన్నవాడు. సూపర్ హీరోలకు తల్లిదండ్రులు ఉండరని గమనించి సొంత తల్లిదండ్రులనే చంపేస్తాడు. సూపర్ హీరో కథల్లో శక్తిని మాత్రమే చూసి మిగతాది వదిలేసిన అభిమాని ఏమవుతాడో ప్రశాంత్ వర్మ మొదటి పది నిమిషాల్లోనే చూపించాడు. మీ భయం కూడా అదే కదా? తర్వాతి భాగం 'జై హనుమాన్' కోసం నేనూ పిల్లలతో పాటు ఎదురుచూస్తున్నాను.

ఒక్క లోటు మాత్రం నన్ను బాధపెడుతుంది. నా క్లాసులో ఇన్ని బ్యాగులు చూశాను కానీ, ఒక్కదాంట్లో కూడా తెలుగు సూపర్ హీరో కామిక్ కనపడలేదు. పక్కనే తమిళంలో 1972 నుంచి ముత్తు కామిక్స్, 1984 నుంచి లయన్ కామిక్స్ ఉన్నాయి. బయటి దేశాల కథలను సొంత భాషలో చదివిన తరాలు అక్కడ ఉన్నాయి. మనకు 1947లో మొదలైన చందమామ ఉండేది, ఇప్పుడు రావడం లేదు. ఇంగ్లిష్ టీచర్‌ని అయ్యుండి ఈ మాట అనడం విడ్డూరంగా ఉండొచ్చు. కానీ తెలుగులో ఆబగా చదివే అలవాటున్న పిల్లాడికి ఇంగ్లిష్ నేర్పడం నాకు సులువు. అసలు చదవని పిల్లాడికి ఏ భాషా నేర్పలేను.

ఇక ఆ రోజు టేబుల్ మీదికి వచ్చిన పుస్తకం. దాని పేరు 'స్పైడర్‌మ్యాన్: ఇండియా'. 2004లో మన దేశంలోనే మొదలైంది. హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పెట్టే పాత పుస్తకాల్లో నాకు దొరికింది. అందులో హీరో పేరు పవిత్ర్ ప్రభాకర్. తల్లిదండ్రులు లేని ఊరి పిల్లాడు. స్కాలర్‌షిప్ వచ్చి ముంబైలో పెద్ద స్కూల్లో చేరతాడు. ఊరివాడని తోటి పిల్లలు ఏడిపిస్తారు. మాయ అత్త, భీమ్ మామ అతన్ని సాకుతారు. అతని చదువు ఖర్చుతో ఆ ఇంటికి డబ్బు ఇబ్బంది అవుతుంది.

సార్, మీ బాబు ఈ పుస్తకం తీసుకున్న రెండో రోజు నా దగ్గరికి వచ్చాడు. గోడలు ఎలా ఎక్కుతాడనో, సాలెగూడు ఎలా వస్తుందనో అడుగుతాడనుకున్నాను. "మేడమ్, వాళ్ల మామ ఫీజు ఎట్ల కట్టిండు?" అని అడిగాడు. నేను ఏదో చెప్పాను. వాడు కాసేపు నిలబడి, "మా నాయిన పత్తి అమ్మినంక కడతడు" అని వెళ్లిపోయాడు.

వాడు ఆ పుస్తకంలో ఏం చదువుతున్నాడో నాకు అప్పుడు తెలిసింది. మీకు కూడా తెలియాలని ఇదంతా రాశాను. ఆ రోజే మీటింగ్‌లో చెప్పి ఉంటే మీరు అంత కోపంగా ఇంటికి వెళ్లేవారు కాదేమో. తప్పు నాది.

మిగతా తల్లిదండ్రులకు కూడా ఒక్క మాట. సెలవుల్లో మీ అబ్బాయి చేతిలోనో అమ్మాయి చేతిలోనో కామిక్ కనపడితే లాక్కునే ముందు పది నిమిషాలు పక్కన కూర్చోండి. "ఇది ఎవరు? ఇట్ల ఎందుకు చేసిండు? తర్వాత ఏమైతది?" అని అడగండి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు, వాళ్లే తెలుగులో చెప్తారు. ఆ చెప్పడమే నాకు కావాల్సిన సెలవుల హోంవర్క్. పది నిమిషాలు విన్నాక కూడా అది మంచి పుస్తకం కాదనిపిస్తే నిస్సంకోచంగా తీసేయండి, నేను మీ వైపే ఉంటాను.

సార్, పుస్తకం నా టేబుల్ సొరుగులో ఉంది, తాళం వేయలేదు. బాబు ఇంకా చివరి పేజీలు చదవలేదు. మీరు సరే అంటే చివరి పని దినం లోపు వచ్చి తీసుకెళ్లమనండి. మీరే వచ్చి తీసుకెళ్తే ఇంకా సంతోషం.