పాత యిల్లు – క్రొత్త యిల్లు

ఈ నెల మేము బంతియాటను గూర్చి వ్రాయబూనితిమని ఆశ్చర్యపడవలదు. ఆటలోని గెలుపోటములతో మనకిప్పుడు పని లేదు. ఇల్లు మాఱుటను గూర్చియే మా ప్రసంగము.

ఇంగ్లాండులోని లివర్పూలు పట్టణమున ఎవర్టను అను ఫుట్బాలు జట్టు కలదు. 1892 మొదలు దానికి నిలయమైన గుడిసన్ పార్కు అను మైదానమున, 2025 మే 18వ తేదీని, పురుషుల జట్టు కడపటి యాట యాడెను. సౌతాంప్టను జట్టుపై 2–0 గా గెలిచినను, చూడవచ్చినవారిలో వృద్ధులు మొదలు పిల్లలవఱకు అనేకులు కన్నీరు పెట్టుకొనిరి. ఇటుకల కొఱకును ఇనుపకమ్ముల కొఱకును ఏడ్చుట యేమి వెఱ్ఱియని నవ్వువారు కలరు. మేము నవ్వజాలము. పుట్టినింటి గడప దాటి అత్తవారింటికి పోయిన స్త్రీకి ఆ కన్నీటి యర్థము ఎవ్వరును చెప్పనక్కఱలేదు. సర్వసంగపరిత్యాగియైన కణ్వమహర్షికే శకుంతలను సాగనంపునపుడు కంఠము గద్గదమయ్యెను గదా!

ఆ యింటి చరిత్ర కొంత వినుడు. ఎవర్టనువారు అంతకుముందు ఆన్ఫీల్డు మైదానమున ఆడుచుండిరి. స్థలము యజమానితో అద్దె తగవు వచ్చి, సమీపముననే వేఱు చోటికి తరలి, 1892 ఆగష్టు 24వ తేదీని గుడిసన్ పార్కును తెఱచిరి. వారు ఖాళీచేసిన ఆన్ఫీల్డులో పుట్టినదే లివర్పూలు జట్టు. నాటినుండియు ఆ రెంటికి దాయాదుల పోరు. గుడిసన్ పార్కు మూలను సెయింట్ ల్యూక్ చర్చి ఆనుకొని యుండును. 1927–28లో లీగు ఆటలయందు 60 గోలులు చేసిన డిక్సీ డీన్, 1980 మార్చి 1న, అచ్చటనే, లివర్పూలుతో జరుగు ఆటను చూచుటకు వచ్చి ప్రాణము విడిచెను. తాము పోయిన పిమ్మట తమ చితాభస్మమును ఆ పచ్చిక యంచున పాతిపెట్టుడని కోరి, ఆ కోరిక తీర్చుకొన్నవారు వందలకొలది. తుదకు చోటు చాలక ఆ యాచారమును నిలిపివేయవలసి వచ్చెను. తాత భస్మమున్న చోటును మనుమడు విడిచి పోవుట సులభమా?

అట్లని పాత యింటి లోపములను దాచవలదు. చుట్టును ఇండ్ల వరుసలుండుటచే పెంచుటకు వీలు లేదు. సుమారు 39,000 మందికి మాత్రమే స్థలము. అందును పలువురకు స్తంభములు అడ్డమై ఆట సరిగా కనబడదు. మర్సీ నదీతీరమున పాత ఓడరేవును పూడ్చి కట్టిన క్రొత్త మైదానమున 52,000 మందికి పైగా కూర్చుండవచ్చును. రాబడి లేనిదే సంసారము సాగదు. పొగతో కండ్లు మండించు వంటయింటిని, పూర్వులు కట్టినదను ప్రేమచే మనము మాత్రము ఎన్నాళ్లు ఉంచుకొందుము? క్రొత్త మైదానమునకు ధనమిచ్చిన హిల్ డికిన్సన్ అను న్యాయవాదుల కంపెనీ పేరు పెట్టిరి. ఆ పేరు నాలుకకు అలవడుటకు కొంత కాలము పట్టును.

మా కన్నింటికంటె విచారకరముగ తోచునది ఇరుగుపొరుగు చెదరుట. ఇరువది ముప్పది యేండ్లు ఒకే వరుసలో కూర్చుండి, పేరు తెలియకున్నను ముఖము చూచి క్షేమమడుగువారు క్రొత్త చోట చెఱియొక మూలకు పోవచ్చును. బావియొద్ద కలిసిన చెలిమి, ఇంటింట కుళాయి వచ్చిన పిమ్మట ఏమయ్యెనో మనమెఱుగుదుము. నీళ్లు సుఖముగ వచ్చినవి, మాటలు తగ్గినవి. క్రొత్త యిల్లు కట్టువారు గోడలకు పడిన శ్రద్ధ పొరుగును నిలుపుటకును పడవలెను.

శుభమును కొంత లేకపోలేదు. పాత మైదానమును తెఱచిన 133 యేండ్లకు, సరిగా అదే తేదీని, అనగా 2025 ఆగష్టు 24న, క్రొత్త చోట మొదటి లీగు ఆట జరిగెను. బ్రైటను జట్టుపై మరల 2–0 గెలుపు. పాత యింట పురుషుల జట్టు కడపటి గోలును, క్రొత్త యింట మొదటి లీగు గోలును చేసినవాడు ఇలిమాన్ ఎండియాయ్ ఒక్కడే. పాత పొయ్యిలోని నిప్పును క్రొత్త పొయ్యికి తెచ్చినట్లయ్యెను.

ఇక మనకు ముఖ్యమైన సంగతి. పాత మైదానమును పడగొట్టి వేఱు కట్టడములు కట్టవలెనని మొదట తలచిరి. 2025 మే నెలలో ఆ తలంపు మానినట్లు ప్రకటించి, ఎవర్టను స్త్రీల జట్టునకు దానిని నిలయముగ నిచ్చిరి. అంతవఱకు ఆ స్త్రీలు రెండువేల పైచిలుకు జనము పట్టు చిన్న మైదానమున ఆడుచుండిరి. అన్నగారు క్రొత్త మేడకు పోవుచు పాత పెంకుటింటిని చెల్లెలికి విడిచినట్లున్నదని కొందఱనవచ్చును.

మేము అట్లనము. 1920 డిసెంబరు 26న అదే గుడిసన్ పార్కున, ప్రెస్టను పట్టణపు కార్ఖానాలో పుట్టిన డిక్ కెర్ర్ స్త్రీల జట్టు, సెయింట్ హెలెన్స్ స్త్రీలతో ఆడగా 53,000 మంది చూడవచ్చిరి. లోపల చోటు లేక వేలమంది వెలుపలనే నిలిచిపోయిరి. మఱుసటి యేడు డిసెంబరు 5న ఇంగ్లాండు ఫుట్బాలు సంఘమువారు, ఈ యాట స్త్రీలకు తగదని, తమ సంఘమునకు చెందిన జట్ల మైదానముల తలుపులను వారికి మూసిరి. ఆ తలుపులు మరల తెఱచుకొనుటకు సుమారు 50 యేండ్లు పట్టెను. ఈ వృత్తాంత మెఱిగినవారు దీనిని కట్టి విడిచిన చీర యనజాలరు. లాగికొన్న స్త్రీధనము ఆలస్యముగనైనను చేతికి వచ్చినది.

అయినను ఇల్లిచ్చినంతమాత్రమున సరిపోదు. నాటి 53,000లతో పోల్చినచో, నేడు ఆ స్త్రీల యాటకు వచ్చు జనము ఎంతయో తక్కువ. మే నెలలో ఆ మైదానమును చూచి కన్నీరు పెట్టినవారు అప్పుడప్పుడైనను ఆ పాత దారి పట్టి, అలవాటైన ఆసనములలోనే కూర్చుండి, ఆడపిల్లల యాట చూడవలెనని మేము కోరుదుము. పాత యింటిపై మాకింత ప్రేమ గలదని చెప్పుకొనువారు, అందు దీపము వెలుగుచుండగా చూడ రావలదా?