మామిడికీ కత్తెర పడాలి

హైదరాబాదు చుట్టుపక్కల ద్రాక్ష పెంచిన రైతు కత్తెర పట్టడానికి జంకడు. ఏప్రిల్ కోతకు వచ్చిన కొత్త తీగలో పూమొగ్గ పడుతుంది, అక్టోబరు కోతతో అది గుత్తిగా బయటికొస్తుంది. కోయకపోతే కాపు లేదు.

మన కొల్లాపూర్, పెద్దకొత్తపల్లి వైపు మామిడి రైతును అడగండి. "కాసే కొమ్మను ఎవరన్న కొడతరా సారూ?" అంటాడు. తప్పంతా ఆయనది కాదు. పూత రాకముందే తోట గుత్తకు పోతోంది. గుత్తేదారుకు ఈ ఏటి కాయ కావాలి గానీ, వచ్చే ఏటి కొమ్మతో పనేముంది? కాయ తెంపుకుని పోతాడు. తోట మళ్లీ చేతికొచ్చేసరికి వానలు, పత్తి పనులు మీద పడతాయి. ఇక కొమ్మలో కొమ్మ కలిసి ఎండ దూరదు. తేనెమంచు పురుగు ఆ నీడలోనే కాపురం పెడుతుంది. కాపేమో చెట్టు నెత్తిన, మందు కొట్టినా అందదు.

కాయ దిగగానే జూన్, జూలైలో ఎండుపుల్లలు, లోపలికి పెరిగిన కొమ్మలు తీసి, నడిమి కొమ్మ ఒకటి రెండు తగ్గించాలి. కోసినచోట బోర్డో పేస్టు పూయాలి. ద్రాక్షకు మేలు చేసే అక్టోబరు కోత మామిడికి చేటు. ముదిరిన కొమ్మకే పూత వస్తుంది, అప్పుడు కోస్తే పూతకు బదులు ఇగురేస్తుంది. అలాగని ముసలి తోటను ఒక్కసారే మోడు చేయొద్దు, రెండు మూడేళ్లు కాపుండదు.

గుత్త కాగితంలోనే రాయించుకోండి: తోట ఏ తేదీకి ఖాళీ చేయాలి, కొమ్మకోత కూలి ఎవరు పెట్టుకోవాలి. నమ్మకం కుదరకపోతే ఈ ఏడు ఒక్క సాలు చెట్లకే చేసి చూడండి.