అట్ట డబ్బాకు మిఠాయి ధరా? డబ్బా తూకాన్ని ఖండిస్తున్నాం

కాశిబుగ్గ మెయిన్ రోడ్డులోని ఒక మిఠాయి దుకాణంలో మా సభ్యురాలికి జరిగిన అవమానాన్ని, దానికి మూలమైన డబ్బా తూకాన్ని మా వినియోగదారుల సంఘం తీవ్రంగా ఖండిస్తోంది.

పండుగకు ఇంటికొచ్చిన కూతురు, అల్లుడి కోసం ఆమె కిలో మైసూర్‌పాక్ అడిగారు. ధర 640 రూపాయలు. దుకాణంలోని పిల్లగాడు డబ్బాను కాంటా మీదే పెట్టి, అందులో ముక్కలు సర్ది, అంకె కిలో దాటగానే ఒక ముక్క వెనక్కి తీశాడు. డబ్బా బరువు తీసెయ్యమంటే "అందరికీ గిట్లనే ఇస్తున్నం" అన్నారు. ఆమె పట్టుబట్టి ఖాళీ డబ్బా తూయించారు. 78 గ్రాములు. మిఠాయి ధర కడితే 49 రూపాయల 92 పైసలు. "యాభై రూపాయలకు గింత లొల్లా? ఇష్టముంటె తీస్కో, లేకుంటె పో" అని అరవై దాటిన మనిషిని పదిమందిలో కసురుకున్నారు. బిల్లు అడిగితే లేదన్నారు.

యాభై రూపాయలు పోతే పోనీ అనుకోవచ్చు. కానీ పక్కనే ఎనుమాముల మార్కెట్ ఉంది. అక్కడ రైతు మిర్చి బస్తా కాంటాకెక్కితే సంచి బరువు తీసేసి లెక్క కడతారు. అమ్మేటప్పుడు మన సంచి బరువు పోవాలి, కొనేటప్పుడు వాళ్ల డబ్బా బరువు కలవాలి. ఇదెక్కడి లెక్క?

మిఠాయి దుకాణాల కాంటాకే 'టేర్' అనే మీట ఉంటుంది. ఖాళీ డబ్బా పెట్టి ఒక్కసారి నొక్కితే అంకె సున్నాకు వస్తుంది. తెలియక కాదు, నొక్కరంతే. డబ్బా పక్కన పెట్టి నికరంగా తూచే దుకాణాలు కాశిబుగ్గలోనే ఉన్నాయి. వాళ్లేమీ నష్టపోయి మూసేసుకోలేదు.

డబ్బు తీసుకున్న తూకం కంటే తక్కువ సరుకు ఇవ్వడం 2009 నాటి తూనికలు, కొలతల చట్టం 30వ సెక్షన్ ప్రకారం నేరం. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అక్రమ వ్యాపార పద్ధతి. విడిగా అమ్మే మిఠాయి ట్రేల మీద ఏ తేదీలోగా తినాలో రాయాలన్న నిబంధన 2020 అక్టోబరు 1 నుంచే ఉంది. ఆ దుకాణంలో ట్రేల మీద ధరల చీటీలున్నాయి గానీ, తేదీ మాత్రం ఒక్కదాని మీదా లేదు.

సదరు యజమాని మా సభ్యురాలికి క్షమాపణ చెప్పి, డబ్బా బరువుకు తీసుకున్న డబ్బు వాపసివ్వాలి. తూనికలు, కొలతల శాఖ అధికారులు దసరా, దీపావళి రద్దీ మొదలుకాక ముందే ఇక్కడి మిఠాయి, కిరాణం, కూరగాయల దుకాణాల్లో తనిఖీ చేయాలి. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏటా ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్రకు ఇచ్చే సర్టిఫికెట్ కొనేవాళ్లకు కనబడేలా పెట్టించాలి. సద్దుల బతుకమ్మ నాడు గల్లాపెట్టె ముందు నిలబడే సందుండదు, అప్పుడొస్తే ఏం లాభం?

కొనేవాళ్లకూ ఒక మాట. మొహమాటం మనలోనూ ఉంది. వెనుక వరుస పెరుగుతుంటే అడగబుద్ధి కాదు, నిజమే. తూకానికి ముందే "డబ్బా తీసి తూయి" అంటే చాలు. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. సరుకుకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల దాకా ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు, వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. బిల్లు ఇవ్వనన్నచోట ఫోన్‌తో డబ్బు కట్టండి, ఆ రసీదు ఉంచుకోండి. మా సభ్యురాలు అలాగే కట్టారు. వారంలోగా దుకాణం నుంచి జవాబు రాకపోతే ఆ రసీదుతోనే కమిషన్‌కు వెళ్తాం.

— కార్యవర్గం, వినియోగదారుల సంఘం, కాశిబుగ్గ, వరంగల్