టె ఇరిరంగి నడుమ ఖాళీ: మన బస్సెప్పుడు?

బోటనీ డౌన్స్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళందరికీ టె ఇరిరంగి డ్రైవ్ బాగా తెలుసు. బోటనీ టౌన్ సెంటర్ దగ్గర టి రాకావ్ డ్రైవ్ కూడలిలో మొదలై, మోటార్‌వే దాటి, మనుకావ్ వైపు గ్రేట్ సౌత్ రోడ్ దాకా ఆరేడు కిలోమీటర్లు సాగే పెద్ద రోడ్డు అది. కొత్తగా దిగినవారికి ఇంటి గుర్తు చెప్పాలన్నా, పనికి దారి చెప్పాలన్నా ముందు దాని పేరే చెబుతాం. అయితే ఆ రోడ్డు మధ్యలో ఉన్న ఖాళీ గురించి మనం ఎప్పుడైనా ఆలోచించామా?

మన ఊళ్ళలో డివైడరంటే జానెడు సిమెంటు గట్టు, దాని మీద నాలుగు గన్నేరు మొక్కలు. ఇక్కడిది అలా కాదు. అటు కార్లు, ఇటు కార్లు, నడుమ విశాలమైన గడ్డి, చెట్లు. ఆ వెడల్పు అందం కోసం ఇచ్చింది కాదు. ముందు ముందు ఈ దారిలో బస్సో రైలో నడపవలసి వస్తుందని, రోడ్డు వేసినప్పుడే ప్రజారవాణా కోసం అట్టిపెట్టిన జాగా అది. పాతికేళ్ళు గడిచాయి. అక్కడ గడ్డి కోసే యంత్రం తప్ప బస్సు తిరగలేదు.

ఈ ప్రాంతం ఎలా పెరిగిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. పక్కనున్న హౌవిక్ 1847లో విశ్రాంత సైనికుల కోసం ఏర్పడిన పాత ఊరు. బోటనీ వైపు మాత్రం చాలాకాలం పాడి పశువులు మేసే పొలాలే. 1980ల తర్వాత ఇళ్ళు వరసగా లేచాయి. టె ఇరిరంగి డ్రైవ్‌ను విడతలు విడతలుగా వేశారు. 2001లో బోటనీ టౌన్ సెంటర్ తెరిచారు. 2004లో బోటనీ డౌన్స్ సెకండరీ కాలేజీ మొదలైంది. దక్షిణాన ఫ్లాట్ బుష్‌లో నలభై వేల మంది ఉండేలా కొత్త పట్టణానికి అప్పటి మనుకావ్ నగర కౌన్సిల్ పథకం వేసింది. 1983 నుంచి 2007 దాకా మేయరుగా ఉన్న సర్ బారీ కర్టిస్ పేరనే అక్కడి పెద్ద పార్కు వెలిసింది. 2010 నవంబరులో మనుకావ్ కౌన్సిల్ ఆక్లాండ్ కౌన్సిల్‌లో కలిసిపోయింది. ఇళ్ళు వచ్చాయి, దుకాణాలు వచ్చాయి, ఈస్ట్ తామకి గోదాములు వచ్చాయి, ఆ గోదాముల్లో పనిచేయడానికి మనమూ వచ్చాం. రావలసిన బస్సు దారి ఒక్కటే రాలేదు.

మా సంగతే చెబుతాం. మా ఇంట్లో నలుగురం, కారు ఒక్కటి. ఇద్దరం గోదాములో ప్యాకింగ్ పనికి పోతాం, ఒకరు రాత్రిళ్ళు ఆఫీసులు శుభ్రం చేస్తారు, ఒకరు సెక్యూరిటీ. తెల్లవారుజామున ఆరింటికి ఒక షిఫ్టు మొదలవుతుంది, రాత్రి పన్నెండుకు ఇంకొకటి ముగుస్తుంది. కారు ఒకరి దగ్గరుంటే మిగతా ముగ్గురూ నడకే. జులై చలిలో, వానలో, ఈ రోడ్డు పక్కన గంటసేపు నడిచి వెళ్ళిన రోజులు మాకు లెక్కలేదు. ఒకసారి మాలో ఒకరు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్తే ఆ రోజు షిఫ్టు వేరేవాళ్ళకిచ్చి వెనక్కి పంపేశారు. వీసా యజమానితో ముడిపడి ఉన్నవాడికి ఇరవై నిమిషాల ఆలస్యమంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులకు మేము విడమరిచి చెప్పనక్కరలేదు.

అందుకే మనవాళ్ళు వచ్చిన రెండు మూడు నెలలకే అప్పు చేసి పాత కారు కొంటారు. ఊరికి డబ్బు పంపకముందే పెట్రోలు, ఇన్సూరెన్సు, వారెంట్, రిపేర్లు చేతికొచ్చిన జీతాన్ని మింగేస్తాయి. ఇది సోకు కోసం కొన్న కారు కాదు. బస్సు లేక కట్టుకుంటున్న జరిమానా.

బస్సుకు ప్రత్యేకమైన దారి ఇస్తే ఏమవుతుందో ఆక్లాండ్ ఉత్తరాన చూసింది. 2008లో నార్తర్న్ బస్‌వే వచ్చింది. మోటార్‌వే మీద కార్లు బారులు తీరినా పక్కన బస్సు సాఫీగా పోతుంది. తూర్పున ఉన్న మనం మాత్రం 2021 చివరిదాకా ఆగాం. అప్పుడు పాన్‌మ్యూర్ నుంచి పకురంగ దాకా తొలి భాగం తెరిచారు. అక్కణ్ణించి టి రాకావ్ డ్రైవ్ వెంట బోటనీ దాకా తీసుకురావడానికి 2027ను గడువుగా పెట్టుకున్నారు. సంతోషమే. ఆ పనికి మనమూ చెల్లించాం. 2018 జులై నుంచి 2024 జూన్ దాకా ఆక్లాండ్‌లో పోయించుకున్న ప్రతి లీటరు పెట్రోలు మీదా 10 సెంట్లు, దానిపైన జీఎస్టీ ప్రాంతీయ ఇంధన పన్నుగా కట్టాం. ఆ సొమ్ములో కొంత ఈ బస్‌వేకే కేటాయించారు.

ఇక్కడే అసలు మాట. టి రాకావ్ డ్రైవ్ వెంట బస్సుకు చోటు లేదు. వరసగా ఇళ్ళు కొని, పడగొట్టి, చోటు చేయవలసి వచ్చింది. ఖర్చూ కాలమూ అక్కడే పోయాయి. టె ఇరిరంగి డ్రైవ్ మీద ఆ బాధ చాలావరకు లేదు. చోటు ముందే ఉంది. ఎయిర్‌పోర్టు నుంచి మనుకావ్ మీదుగా బోటనీ దాకా వేగవంతమైన బస్సు దారి వేయాలని పథకమూ ఉంది. అందులో ఎయిర్‌పోర్టు వైపు పని కొంత జరిగింది. 2021 జులైలో పుహినుయి స్టేషన్ కొత్తగా తెరిచారు, అక్కడ రైలు దిగినవారు బస్సెక్కి ఎయిర్‌పోర్టుకు పోవచ్చు. మనుకావ్ నుంచి బోటనీ వైపు మాత్రం పథకం కాగితాల మీదే నడుస్తోంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టుంది మన పరిస్థితి.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. డబ్బెక్కడిదంటారు కొందరు. కార్లలో పోయేవారే ఎక్కువ, కొద్దిమంది కోసం అంత ఖర్చెందుకంటారు ఇంకొందరు. బస్సు సరిగ్గా లేనిచోట ఎక్కేవారు తక్కువగా ఉండడంలో వింతేముంది? వంతెన లేని ఏటిని ఎంతమంది ఈదుతున్నారో లెక్కపెట్టి, వంతెన అక్కరలేదని ఎవరైనా తేలుస్తారా? ఇక డబ్బు మాట నిజమే. పన్నులు, రేట్లు కట్టే ఇంటి యజమానుల్లో మనవాళ్ళూ ఉన్నారు, వారి కష్టం మేము కాదనం. అందుకే మొత్తం ఒక్కసారిగా కట్టమని అడగడం లేదు. స్టేషన్లు, వంతెనలు మెల్లగా రానీయండి. ముందుగా సిగ్నళ్ళ దగ్గర బస్సు ముందుకు పోయే ఏర్పాటు చేయండి. షిఫ్టులు మారే వేళల్లో, అంటే తెల్లవారుజామునా అర్ధరాత్రీ, మనుకావ్, బోటనీల మధ్య బస్సులు నడపండి. స్టాపుల దగ్గర వాన తగలని పందిరి, రోడ్డు దాటడానికి తగినంత సేపు పచ్చ దీపం ఇవ్వండి. ఇన్ని వరసల రోడ్డును చంటిబిడ్డతో ఒక్క పరుగులో దాటడం ఎవరివల్లా కాదు. 2024 జులైలో వారానికి 50 డాలర్లు దాటకుండా బస్సు ఛార్జీలకు హద్దు పెట్టారు. మంచి పనే. కానీ వేళకు రాని బస్సు ఎంత చౌకైతే మాత్రం ఏం లాభం?

ఇప్పుడు మనవైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. ఈ మాటలన్నీ మనం టీ తాగుతూ మనలో మనం అనుకుంటాం, అడగవలసినచోట అడగం. "మనకు ఓటు లేదు కదా, మన మాట ఎవరు వింటారు" అనేది మనందరి నోటా వినే మాట. ఇది సగమే నిజం. పని వీసా మీద ఉన్నవారికి ఓటు లేదు. రెసిడెన్స్ వచ్చి, ఈ దేశంలో ఎప్పుడైనా ఏకధాటిగా 12 నెలలు ఉన్నవారికి ఓటు ఉంది, పౌరసత్వం అక్కరలేదు. అలాంటివారు మనలో ఎందరో ఉన్నారు. పేరు నమోదు చేసుకోనివారూ అందులో ఎందరో. కౌన్సిల్ తర్వాతి ఎన్నికలు 2028లో. ఇప్పుడే నమోదు చేసుకుంటే పోయేదేముంది?

ఓటు లేనివారికీ దారి ఉంది. ఏడాది బడ్జెట్ మీదా, రవాణా పథకాల మీదా కౌన్సిల్ జనాభిప్రాయం అడిగినప్పుడు వీసా ఏమిటని అడగదు. ఎవరైనా రాయవచ్చు. పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్కరలేదు. "నేను ఫలానా స్టాపు దగ్గర ఉంటాను. నా షిఫ్టు ఆరింటికి. ఆ వేళకు బస్సు లేదు." ఈ మూడు ముక్కలు చాలు. వందమంది ఇలా రాస్తే అది లెక్కలోకి వస్తుంది, అధికారుల ముందు కాగితమై నిలుస్తుంది. ఇంగ్లీషు బాగా వచ్చినవారు ఒక ఆదివారం ఇద్దరు ముగ్గురికి రాసిపెట్టండి. హౌవిక్ లోకల్ బోర్డు సమావేశానికి నలుగురం కలిసి వెళ్దాం. అడగందే అమ్మయినా పెట్టదంటారు, కౌన్సిల్ పెడుతుందా?

పాతికేళ్ళ కిందట ఎవరో ఆలోచనపరులు ఈ రోడ్డు గీసేటప్పుడు, మనమెవరమో తెలియకుండానే, మధ్యలో చోటు వదిలిపెట్టారు. వాళ్ళ పని వాళ్ళు చేశారు. ఆ చోటు ఎవరి కోసమో, ఏ వేళకు కావాలో చెప్పడం మన పని. ఈ వారం మీ స్టాపు పేరు, మీ షిఫ్టు వేళ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మేము మా నలుగురివీ రాసేశాం.